జలగల బాకీ

కుర్చీ ఇటు లాక్కో, మారెన్.
దీపం కాస్త వంచు, నా నీడ పనిమీద పడుతోంది.
సరస్సు మీద మంచు ఇంకా వీడలేదు,
గట్టు వెంబడి మాత్రం జానెడు వెడల్పున
నల్లటి నీళ్లు కనిపిస్తున్నాయి పొద్దుట్నుంచి.
ఇంకో పది రోజులు. ఆలోపు డజను కట్టాలి.

ఇది పన్నెండో నంబరు గాలం. నీ చిటికెన వేలి గోరంత.
పూస ఎక్కించు. ముల్లు దాటాక జారనీ, కన్నుదాకా.
ఇప్పుడు దారం.
పక్కపక్కనే చుట్టు, ఒకదాని మీదొకటి ఎక్కకుండా.
ఊపిరి బిగబట్టకు.
నువ్వు బిగిస్తే దారమూ బిగుసుకుని తెగుతుంది.

తోకకి టర్కీ కోడి నూగు. చిటికెడు చాలు.
కత్తెర వద్దు!
కత్తెర పడితే చివర గోడలా మొండిగా తేలుతుంది,
నీళ్లలో ఏ ప్రాణికీ అంత తిన్నటి చివర ఉండదు.
గోళ్లతో గిల్లు. ఆఁ, అలా.

ఒళ్లు ఈ ఉన్నితో.
ముదురు ద్రాక్షరసం రంగు, చూశావా,
నా పాత స్వెట్టరు కుడి చెయ్యి ఇది.
ఎడమ చెయ్యి మిల్లులోనే పోయింది.
లోపలున్న చేతితో సహా కాదులే, భయపడకు.
పోయింది ఒక్క వేలే.

నువ్వడగలేదు కానీ చూస్తూనే ఉన్నావు,
ఈ చూపుడు వేలి చుట్టూ ఉంగరంలాంటి గీత.
పలకల అంచులు కోసే రంపం. మధ్యాహ్నం షిఫ్టు.
గోర్డీ హ్రిట్సాక్ దాన్ని రంపప్పొట్టులోంచి ఏరి
తన లంచ్ డబ్బాలో మంచుముక్కల మధ్య పెట్టాడు,
ఉడికించిన గుడ్డు పక్కన.
వాంకూవర్‌లో తొమ్మిది గంటలు కుట్టారు.

కుట్టారు సరే. నెత్తురు లోపలికి వచ్చింది,
తిరిగి వెళ్లే దారే మరిచిపోయింది,
పెళ్లయిపోయినా కదలని చుట్టంలా తిష్ఠ వేసింది.
వేలు నేరేడు పండైంది.
మూడో రాత్రి నర్సు లిగాయా ఒక సీసా తెచ్చింది.

మా నాన్న బ్యాంకు మేనేజర్ని జలగ అనేవాడు.
నేనూ ఒకరిద్దరిని అన్నాను, మొహం మీదే.
అది నా వేలికి పట్టి
ఇరవై నిమిషాలు తాగింది.
నిండాక తనంతట తానే రాలిపోయింది,
ఇంకొంచెం, అని ఉండిపోలేదు.
గోరు కింద గులాబీ రంగు తిరిగొచ్చింది.
అయిదు రోజులు. ఇరవై మూడు జలగలు.

తర్వాత వాటినేం చేస్తారని అడిగాను.
లిగాయా కిటికీ వైపు చూసింది.
స్పిరిట్‌లో వేసేస్తారట.
ఒక మనిషిని తాగింది ఇంకొకరి మీద వెయ్యకూడదట.
రూలు.

సరే, తీగ చుట్టు. వెండిది. ఆరు మెలికలు.
ఈ వేలికి బిగువు తెలీదు నాకు,
అందుకే నిన్ను కూర్చోబెట్టుకున్నాను.
బిగిసిందా? నువ్వే చెప్పాలి.
ఆ పాత టూత్‌బ్రష్‌తో ఉన్నిని వెనక్కి దువ్వు,
పిల్లకి జడ వేసే ముందు దువ్వినట్టు.
ముడి. ఒక్క చుక్క వార్నిష్.

రెల్లు అంచున వదిలి మెల్లగా లాగాలి.
మూడు అంగుళాలు, ఆగు.
మూడు అంగుళాలు, ఆగు.
ఆగినప్పుడే వస్తుంది ట్రౌట్.
కొరికినట్టే ఉండదు, దారం బరువెక్కుతుంది, అంతే.

కొన్ని పోతాయి. నాచులో చిక్కుకుంటే
తెంపుకుని వదిలేసి వస్తాం.
నేను లెక్క రాసి పెడతాను, ఎందుకో అడక్కు.
నిరుటికి పంతొమ్మిది, ఆ నీళ్లలోనే ఉన్నాయి.

గ్లాసు ఇలా తే. నీది ముంచి చూద్దాం.
ఉండు, కదపకు.
అదిగో, నూగు విచ్చుకుంది,
ముడుచుకుంది,
మళ్లీ విచ్చుకుంది.

నడుము దగ్గర కాస్త లావైంది.
పరవాలేదు.
బాగా తాగిన జలగ అనుకుందాం.